సనాబిస్ ఇంటి ఓక్ పలకలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బహ్రెయిన్‌లో, నువైద్రాత్ దగ్గరి ఒక వడ్రంగి షాపులో పనిచేసేవాణ్ణి. జగిత్యాల వైపు నుంచి వెళ్లినవాణ్ణి. తలుపులు, కిటికీలు తప్ప వేరే పని తెలియదు. మా మేస్త్రిది కాకినాడ. శుక్రవారం సెలవు రోజున చర్చిలో జరిగే తెలుగు ప్రార్థన మానని మనిషి.

సనాబిస్‌లో ఒక బహ్రెయినీ డాక్టరమ్మ ఇంటి పని వచ్చింది. చదువుకునే రోజుల్లో ఆవిడ ఇంగ్లండులో నూరేళ్ల నాటి ఇంట్లో అద్దెకున్నారట. ఆ ఫొటోలు మా ముందు పరిచారు. గోడలకు ఛాతీ ఎత్తు వరకు ఓక్ పలకలు, వాటి మీద తులిప్ పూల నగిషీ, కిటికీ కింద గోడకు కలిపి కట్టిన బల్ల. ఆ పద్ధతిని ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అంటారని చెప్పారు.

"మెషిన్ పని వద్దు. చేత్తో చేసినట్టు కనబడాలి," అన్నారు వచ్చీరాని హిందీలో.

పూలు చెక్కే పని మేస్త్రి నాకిచ్చాడు. నెలంతా ఉలి వదలలేదు. గట్టిగా ఉంటాయని నా తెలివికొద్దీ పలకలను చట్రం గాడిలో జిగురు పెట్టి బిగించాను. డాక్టరమ్మ ఇంటి గోడలకు ఎక్కించి ఏసీ మొదలుపెట్టిన వారానికి మూడు పలకలు నిలువునా పగిలాయి. మేస్త్రిని పక్కకు పిలిచాను.

"అన్నా, లప్పం పెట్టి పాలిష్ కొడదామా? ఎవ్వలకు ఎర్కైతది?"

"మనిద్దరికీ తెలుసు కదా తమ్ముడూ. ఏసీకి చెక్క ముడుచుకుంటది. జిగురు పెట్టకుండా గాడిలో కాస్త ఖాళీ వదలాలి. నీకు ముందే చెప్పకపోడం నా తప్పు."

డాక్టరమ్మతోనూ తప్పు తనదేనన్నాడు. నేను ఉండబట్టలేక, జిగురు పెట్టింది నేనని చెప్పేశాను. ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వేశారు. "ఇద్దరూ కలిసి మళ్లీ చేయండి," అన్నారు.

ఆ తర్వాత నాలుగు శుక్రవారాలు మేస్త్రి ప్రార్థన కాగానే నేరుగా షాపుకు వచ్చాడు. తెల్లచొక్కా చేతులు మడిచి, నా పక్కన నిలబడి గాడి తీయడం నేర్పాడు.

పని పూర్తయిన రోజు డాక్టరమ్మ మమ్మల్ని కిటికీ బల్ల మీద కూర్చోబెట్టి తన చేత్తో గావా, అదే అరబ్బుల కాఫీ, పోశారు. ఎన్నో ఇళ్లలో పనిచేశాను గానీ, నేను చేసిన దాని మీద కూర్చోవడం అదే మొదటిసారి.

ఆ నగిషీ పనే ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతోంది. ఆ రోజు మేస్త్రికి ఒక్క మంచిమాటైనా చెబుదామని లేచాను. "యల్లా, పద పద, బండి వచ్చింది," అంటూ ఆయన నా పనిముట్ల సంచి కూడా తనే భుజాన వేసుకున్నాడు.