టకటక బండి

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. కానీ జానెడు చెక్కబొమ్మ నన్ను ఇంతగా వేధిస్తుందనుకోలేదు.

దాజీ పేట్‌లో మా ఇంటి వెనకే కార్ఖానా. అందులో పవర్‌లూమ్ మీద టవళ్లు నేస్తూ ముప్పై ఏళ్లు గడిపాను. మగ్గాలు ఆగిన సెలవు రోజున నాకు కట్టెపనే సరదా. ఏనుగులు, ఎడ్లబండ్లు, బుల్లి మంచాలు చాలానే చేశాను. గల్లీ పిల్లలు వాటిని ఎత్తుకుపోతే పైకి కసురుకుని లోపల సంబరపడేవాణ్ణి. మా కూతురు పనికి వెళ్తూ రోజూ పొద్దున్నే తన ఏడాదిన్నర పాపను మా దగ్గర దింపిపోతుంది. ఆ మనవరాలికి మాత్రం మామూలు బొమ్మ ఇవ్వబుద్ధి కాలేదు. అది తాడు పట్టి లాగుతుంటే టకటక మోగుతూ వెంట వచ్చే బండి చేయాలనుకున్నాను. ఇరుసుకు ఒక పళ్ల చక్రం, ఆ పళ్లను తాకే చిన్న కట్టె నాలుక. పని అంతే.

మొదటి బండి మోగలేదు. వెనక మగ్గాలు నడుస్తున్నాయి కదా, అందుకేననుకున్నాను. సెలవు నాడు లాగి చూశాను, అప్పుడూ అంతే. మెత్తటి చెక్క అంటగట్టాడని కొంతం చౌక్‌లో కట్టె అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. రెండో నాలుక మందంగా చెక్కాను. అదీ మూలిగినట్టు ఏదో అంది తప్ప మోగలేదు. వేలు తెగడం అదనం. చివరికి మూలన పడేసిన పాత నాడె ఒకటి తీశాను. మగ్గంలో ఆ చివర నుంచి ఈ చివరకు దెబ్బలు తింటూ ఏళ్ల తరబడి పరిగెత్తిన కట్టె అది, రాయిలాంటిది. దాన్ని కోసి నాలుక చేసి బిగించాను. షాబాదు బండల మీద లాగితే టక్ టక్ అని చక్కగా వినిపించింది. ఆ పూట అన్నం కూడా రుచిగా అనిపించింది.

మనవరాలి చేతికి తాడు ఇచ్చాను. రెండడుగులు వేసి, తాడు వదిలేసి, ఏడుస్తూ వెళ్లి బీడీలు చుడుతున్న నా భార్య ఒళ్లో పడింది. చాటలోని ఆకు, తంబాకు నేలపాలయ్యాయి. మర్నాడూ అదే కథ. మూడో రోజు బండిని చూడగానే చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోయింది. ఆ తర్వాత నేను పిలిచినా దగ్గరికి రావడం మానేసింది. ఇన్ని వారాల చాకిరీకి ఇదా ఫలితం అని ఒళ్లు మండింది. నువ్వే గారాబం చేసి పిల్లను పిరికిదాన్ని చేశావని నా భార్య మీద అరిచాను.

ఆమె బీడీ ఆకు కోసే కత్తెర కింద పెట్టింది. లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"పోరి పిరికిది కాదయ్యా. దాని చెవులు మంచిగనే ఉన్నయి. కరాబైనయి నీ చెవులు. గా బండి ఆవాజ్‌కు గల్లీల కుక్కలు సుత ఉరుకుతున్నయి."

కొన్నేళ్లుగా ఆమె ఏ మాట చెప్పాలన్నా ఇలాగే మొహంలో మొహం పెట్టి నిలబడుతోంది. గొడవకు దిగుతోందనే అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. కార్ఖానాలో మగ్గాల మోతకు మేమంతా పెదాలు చూసే మాట అందుకుంటాం. ఇంట్లోనూ అదే చేస్తున్నానని నాకే తెలియలేదు. ఎవరి మీద అరవాలో తోచక నాడె నాలుకను పీకి విసిరికొట్టాను.

ఆమె పాత చాట నుంచి ఒక వెదురు బద్ద విరిచి ఇచ్చింది. దాన్ని బిగించి లాగాను. నాకేమీ వినపడలేదు. ఇంకాస్త మందం బద్ద వేద్దామని చెయ్యి ఉలి మీదికి పోయింది. ఆమె ఉలి లాక్కుని దాచేసింది.

మనవరాలు చాలాసేపు దూరం నుంచే చూసింది. తరువాత తాడు పట్టుకుంది. గడప దాకా వెళ్లి, వెనక్కి తిరిగి బండిని చూసి నవ్వి, దాన్ని నేరుగా నా దగ్గరికే లాక్కొచ్చింది. చక్రం తిరగడం కనిపిస్తోంది. బద్ద ఒక్కో పన్నునూ తాకడం కనిపిస్తోంది.

"మోగుతున్నదా?" అని నా భార్యను అడిగాను.

మోగుతోందని తల ఊపింది. నా చేతులతో నేను చేసిన బండి మోగుతోందని ఆమె చెబితే నమ్మాను.