గుడి ముందే వేసేసిన ఓటు

బస్సు ఐదింటికని చెప్పి ఆరుంబావుకు కదిలించారు. శుక్రవారం పొద్దున, బెంగళూరు పీణ్య వెనక మా వీధి మలుపులో, నలభై తొమ్మిది సీట్ల పుష్‌బ్యాక్ బస్సు. ముందు కట్టిన బ్యానరులో పార్టీ పెద్ద నాయకుడి ముఖం బస్సు వెడల్పంతా ఉంది. మా వార్డు అభ్యర్థి ముఖం ఒక మూలన, రేషన్ కార్డులో ఫోటో అంత. ఆయన సైట్ల వ్యాపారి, ఇళ్ల స్థలాలు కొని అమ్ముతాడు. రెండేళ్ల కింద మా వార్డులో ఇల్లు కొన్నాడు గానీ మా వీధిలో ఒక్కసారి కాలు పెట్టిన పాపాన పోలేదు. ఆయన మనిషి లోకేశు మాత్రం పది రోజులుగా ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్నాడు. "రెండు దినాల దర్శనం అక్కా. బస్సు, రూము, మూడు పూటలా ఊట అంతా మన సార్‌దే. మీరు ఊరికే చీరలు సర్దుకోని వస్తే సరి" అన్నాడు.

ఏళ్లుగా జరగని వార్డు ఎన్నికలు ఈసారి వస్తాయంటున్నారు. బెంగళూరులో ఎన్నికల వాసన తగిలిందంటే చాలు, దేవుళ్ల దగ్గరికి ఇలాంటి బస్సులు బయలుదేరతాయి. మేం వెళ్లిన క్షేత్రం పేరు రాయను. హాసన్ మీదుగా ఘాట్ దిగి వెళ్లాలి, మాట తప్పినవాళ్లను వదిలిపెట్టడని ఆ దేవుడికి పేరు. అంత చెబితే ఇక్కడివాళ్లకు తెలిసిపోతుంది. జరిగినదాంట్లో ఆయన తప్పేమీ లేదు.

నేనెందుకు ఎక్కానంటే, మా ఆయన గుండె ఆపరేషన్‌కు మొక్కుకున్న మొక్కు రెండేళ్లుగా అలాగే ఉండిపోయింది. నిజానికి ఆడవాళ్లకు మామూలు ప్రభుత్వ బస్సు ఉచితమే. మెజెస్టిక్ బస్టాండులో ఆధార్ కార్డు చూపించి ఎక్కితే హాసన్‌లో ఒకసారి మారి సాయంత్రానికి చేరిపోవచ్చు. కానీ సీటు దొరకదు, నాకు మోకాళ్ల నొప్పులు. పిలిచి మెత్తటి సీటు ఇస్తానంటే కాదనే ఓపిక నాకు లేకపోయింది.

ఇక్కడ నాగమణి సంగతి చెప్పాలి. మా వీధిలో పిండి మిషను నడుపుతుంది. భర్త పోయి ఆరేళ్లు, పదో తరగతి చదివే కూతురు, ముసలి అత్త. మా వీధికి కావేరి నీళ్లు వచ్చాయంటే నెల రోజులు నీళ్ల ఆఫీసు మెట్ల మీద కూర్చున్న నాగమణి వల్లే. మా ఆయనకు నొప్పి వచ్చిన రోజు మిషను ఆపేసి, పిండి చేతులతోనే ఆటో తెచ్చింది కూడా ఆమే. ఆమె ఈసారి వార్డుకు స్వతంత్రంగా నిలబడుతోంది, ఆ సైట్ల వ్యాపారి మీదే. "మన వీధి మొత్తం నాకేస్తే చాలక్కా. అది చూసి పక్క వీధులోళ్లూ నమ్ముతారు" అని నాతో వందసార్లు అని ఉంటుంది.

ఆ తెల్లవారి ఆమె తన అత్త గంగమ్మవ్వను చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి తెచ్చింది. పోయేలోపల ఆ దేవుణ్ని ఒక్కసారి చూడాలని ముసలామె పట్టుబట్టిందట. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏం అనుకోకు నాగమణీ, మొక్కు ఉండిపోయింది" అన్నాను.

"అనుకునేదేముండాదక్కా? బస్సు వాళ్లది అయితే ఏమి, దేవుడు మనోడే కదా. మా అత్తకు మెట్లు దిగేకి కాదు, రవ్వంత చూసుకో" అని నవ్వింది. మేమందరం అనుకున్నదీ అదే. బస్సు వాళ్లది, ఓటు మనది.

నెలమంగళ టోలు దాటేసరికి ఏడైంది. ఎనిమిదిన్నరకు యడియూరు దగ్గర హోటల్లో ఆపారు. ఇడ్లీ, వడ, కాఫీ, అన్నీ కూపన్లే. వడ చల్లారిపోయింది, కాఫీ బాగుంది. మా బల్ల దగ్గర నాతో పాటు గంగమ్మవ్వ, మా ఎదురింటి సరోజ, ఆమె కూతురు అనూష కూర్చున్నారు. అనూష వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది, అమ్మకు తోడుగా సెలవు పెట్టి వచ్చింది.

ఎవరికేస్తారన్న మాట నేనే ఎత్తాను. నాకు నోరు ఊరుకోదు.

"నేను ఈ అభ్యర్థి ముఖం సుతా చూళ్లేదు" అంది సరోజ. "బ్యానర్లో పెద్దాయన ఉండాడు కదా, ఆయన్ని చూసి వేస్తా."

"ఆ పెద్దాయన వచ్చి మన మోరీలో మురికి తీపిస్తాడా?"

"మోరీ తీయనీ, తీయకపోనీ. టీవీలో ఆయన మాట్లాడితే ధైర్యంగా ఉంటాది."

అనూష ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "క్యాండిడేట్ ఎవరైనా ఒకటే ఆంటీ. నేను పార్టీ చూసి వేస్తా. ఇండిపెండెంట్‌కి వేస్తే వోట్ వేస్ట్ కదా, కార్పొరేషన్‌లో ఫండ్స్ ఎవరిస్తారు?" అంది.

"నీళ్లు తెప్పించింది ఇండిపెండెంటే తల్లీ."

"అది సోషల్ సర్వీస్ ఆంటీ. పాలిటిక్స్ డిఫరెంట్."

"నాగమణి శానా మంచిది. నేను కాదంటానా?" అని సరోజ చట్నీ గిన్నె నా వైపు జరిపింది. "మంచిదైతే పండక్కి పిల్చి అన్నం పెడదాం. దానికి ఓటెందుకు?"

కోడలు అక్కడ లేకపోయినా అత్త ఉంది కదా, కాస్తైనా మొహమాటం ఉండాలి కదా! గంగమ్మవ్వ వడ తుంచి కాఫీలో నానబెట్టుకుంటూ, "మీరు ఎవురికైనా వేసుకోండమ్మా. నాకు మాత్రం నా కోడలే. దాని చేతి కూడు తింటాండాను" అంది. ఆ మాటకు నా కడుపు చల్లబడింది. "మేమిద్దరం ఉన్నాం, చూసుకుందాం" అన్నాను గొప్పగా.

పదిన్నరకు హాసన్, పదకొండు ముప్పావుకు సకలేశపుర. ఘాట్ దిగేటప్పుడు సగం బస్సు వాంతులు చేసుకుంది. వెళ్లేవాళ్లు నిమ్మకాయలు దగ్గర పెట్టుకోండి, ముందు వరసల్లో కూర్చోండి. రెండున్నరకు చేరాం. సత్రంలో రూముకు ఆరుగురం, చాపలు వాళ్లే ఇచ్చారు, వేడినీళ్లు పొద్దున మాత్రమే వస్తాయి. నదిలో నీళ్లు మోకాళ్ల లోతు. గంగమ్మవ్వకు నేనే చెంబుతో పోశాను. గుడిలో అన్నదానం బ్రహ్మాండంగా ఉంది. అంతమందికి అంత శుభ్రంగా, ఎవరినీ ఏ ఊరని అడగకుండా వడ్డించారు.

మరునాడు ఆరున్నరకే క్యూలో నిలబడితే దర్శనమయ్యేసరికి ఎనిమిదిన్నర. దేవుడి ముందు నాకు దొరికింది గుక్క తిప్పుకునేంత సేపు. మా ఆయన పేరు చెప్పాను, ఆ తర్వాత నాగమణి పేరు కూడా చెప్పాను. గెలిపించు స్వామీ అన్నాను. ఇది ఎవరికీ తెలియదు.

తొమ్మిదింటికి లోకేశు అందరినీ సత్రం వాకిట్లో నిలబెట్టాడు. అక్కడి నుంచి గోపురం ఎదురుగా కనిపిస్తుంది. అరుగు మీద ఇత్తడి పళ్లెం, అందులో పసుపు రాసిన టెంకాయ, వెలుగుతున్న కర్పూరం. పక్కన చీరల ప్యాకెట్లు దొంతరగా ఉన్నాయి.

"ఏమీ లేదక్కా. టెంకాయ మీద చెయ్యి పెట్టి, గోపురం దిక్కు చూసి, మా ఓటు మన సార్‌కే అని ఒక్క మాట. చీర తీసుకోని బస్సెక్కేది." ఇంకొకడు ఫోన్ పట్టుకుని వీడియో తీయడానికి సిద్ధంగా ఉన్నాడు.

నా ఒళ్లు మండింది. "దర్శనమన్నావు గానీ ఒట్టు వేయిస్తానని చెప్పలేదే! ఇదేం పద్ధతి?"

లోకేశుకు కోపమే రాలేదు. "బలవంతమేముండాదక్కా? ఇష్టం లేనోళ్లు అట్ల నిల్చుకోండి. బస్టాండు ఆ కనిపించేదే. మీకు టికెట్ సుతా లేదు కదా" అన్నాడు.

నిజమే, బస్టాండు కనిపిస్తోంది. హాసన్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది కూడా. నలభైమందిమి ఆడవాళ్లం అటు చూశాం. ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు.

సరోజ మొదట వెళ్లింది, గట్టిగా చెప్పింది, రంగు నచ్చలేదని చీర మార్పించుకుంది కూడా. అనూష "జస్ట్ ఫార్మాలిటీ" అని నవ్వుతూ చెయ్యి పెట్టింది. ఆ తర్వాత వరస కదిలిపోయింది. నా వంతు వచ్చింది. లోపల ఏమీ అనుకోకుండా పెదవులు మాత్రం కదిలిస్తే పోతుంది కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. "గట్టిగా చెప్పక్కా, రికార్డు కాలేదు" అన్నాడు ఫోన్ పట్టుకున్నవాడు. గట్టిగా చెప్పాను. ఛీ, ఎంత స్పష్టంగా చెప్పానో!

నా వెనక గంగమ్మవ్వ. ఆమెకు ఏం జరుగుతోందో అర్థం కాలేదనుకున్నాను. "అవ్వా, నువ్వు వద్దు, రా" అని చెయ్యి పట్టుకున్నాను. ఆమె నన్ను విడిపించుకుని, "అందురూ పెట్టినారు. నేనొక్కదాన్నే పెట్టకుంటే ఈ బస్సులో ఎట్ల పోయేది? ఆ బస్సులో నేను ఇంత దూరం నిల్చుకోలేనే" అని టెంకాయ మీద చెయ్యి ఆనించింది. ఆ సార్ పేరైనా ఆమెకు తెలియదు. లోకేశు ఆ ఒక్క మాటా అందించాడు, ఆమె చెప్పింది.

పదిన్నరకు తిరుగు ప్రయాణం. వచ్చేటప్పుడు పాడిన భజనలు ఎవరూ పాడలేదు. ఘాట్ ఎక్కాక నెమ్మదిగా మాటలు మొదలయ్యాయి, అన్నీ తప్పించుకునే దారులే. వెనక సీటామె, మళ్లీ ఎప్పుడైనా వచ్చి, మాట తప్పినందుకు హుండీలో తప్పు కానుక వేస్తే పోతుందంది. చెప్పింది మన సార్ అని మాత్రమే కదా, ఆ సార్ ఎవరైనా కావచ్చు అంది ఇంకొకామె. అనూష మాత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోయింది.

హాసన్‌లో భోజనానికి ఆగినప్పుడు గంగమ్మవ్వ ఏమీ ముట్టలేదు. పెరుగన్నం కలిపి ఇచ్చి, "అవ్వా, అది ఒట్టు కాదు. మోసం చేసి వేయించారు. నీ ఓటు నీ కోడలికే వెయ్యి, దేవుడికి తెలియదా?" అన్నాను.

"మోసమేముండాదమ్మా? ఆ బస్సు అగుపిస్తానే ఉండె కదా. మనం పోలేదు." ముసలామె ముద్ద పక్కన పెట్టేసింది. "మాట తప్పితే ఆయన నన్నేం చేస్తాడు, నేను పొయ్యేదాన్నే. ఇంట్లో చిన్నబిడ్డుండాది. దానికేమన్నా అయితే? నా కోడలు గెలవకపోతే పిండి మిషన్లో బతుకుతాది. బిడ్డకు అయితే బతకదు."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, లోకేశు మీద కూడా కాదు, ఆ బస్సు వైపు చూసి కూడా నిలబడిపోయిన నా మీద. ఆ కోపంతోనే మిగతా దారంతా లెక్క చూసుకున్నాను. ఈ బస్సులో ఒకామె నాయకుణ్ని చూసి వేస్తుంది, ఒకామె పార్టీని చూసి వేస్తుంది, ఇంకా కొందరు గెలిచే గుర్రమేదో చూసి వేస్తారు. కష్టం వచ్చినప్పుడు మాత్రం వీళ్లందరూ తట్టేది నాగమణి తలుపే. సాయానికి ఒకరు, ఓటుకు ఇంకొకరు. ఇందులో వింతేమీ లేదన్నట్టే అందరూ చీరల ప్యాకెట్లు ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తున్నారు. నా ఒళ్లోనూ ఒకటి ఉంది.

నెలమంగళ దగ్గర గంట సేపు ట్రాఫిక్. మా వీధి మలుపుకు చేరేసరికి సాయంత్రం ఆరు. నాగమణి అక్కడే నిలబడి ఉంది, జుట్టు మీద పిండి దులుపుకోనైనా లేదు. అత్తను రెండు చేతులా పట్టుకుని దింపింది. గంగమ్మవ్వ నేల మీద కాలు పెట్టగానే, "నీకు వేయలేనే నాగమణీ. మాట ఇచ్చేసినా" అని ఏడ్చింది.

"తెలుసత్తా. వీధి గ్రూపులో పొద్దున్నే వేసినారు వీడియో, చూసినా. ఏడవద్దు, నడు, కాళ్లకు నీళ్లు కాచిపెట్టినా" అంది.

అంటే నన్నూ చూసింది. నేను చీర ప్యాకెట్ కొంగు కింద దాచుకుని గబగబా దగ్గరికి వెళ్లాను. "నాదంతా వట్టి మాటే నాగమణీ. పైకి అన్నాను గానీ నా ఓటు నీకే. ఒట్టు" అన్నాను.

ఆమె అత్త చెయ్యి వదలకుండానే నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు, అదే నేను భరించలేకపోయాను. "పొద్దున దేవుడి కాడ ఒక ఒట్టు, ఇప్పుడు నా కాడ ఒక ఒట్టు. రెంటిలో ఏది అబద్ధమక్కా? నాకు చెప్పు చాలు, నేను ఇంక మన వీధిలో అడగను."

నోరు ఊరుకోని మనిషిని నేను. మా ఆయన గుర్తొచ్చాడు, ఆపరేషన్ చేసిన ఆయన గుండె గుర్తొచ్చింది, మాట తప్పితే ఏమవుతుందో అన్న భయం గంగమ్మవ్వకు పట్టినట్టే నన్నూ పట్టుకుని ఉందని అప్పుడు తెలిసింది.

"తెలియదు" అన్నాను.

"సరేక్కా" అని ఆమె అత్తను నడిపించుకుంటూ వెళ్లిపోయింది.