పాలు కారిన మల్లె

మయూర్ విహార్‌లో కాపురం పెట్టిన మొదటి వేసవిలో రోడ్డు పక్క నర్సరీలో మల్లె మొక్క కొన్నాను. మల్లెను హిందీలో ఏమంటారో తెలియక, తెల్ల పువ్వు, మంచి వాసన అని వచ్చీరాని ముక్కలు చెప్పి, నా జడ చూపించాను. నర్సరీ అతను ఏదో అని ఒక కుండీ చేతిలో పెట్టాడు.

అది పూసిన రోజే నాకు అనుమానం మొదలైంది. పువ్వు తెల్లగానే ఉంది కానీ, రేకులు ఫ్యాన్ రెక్కల్లా ఒకవైపుకి తిరిగి ఉన్నాయి. ముక్కు ఆనించినా వాసన అంతంతమాత్రం. ఆకులు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. మల్లె ఆకుకి అంత సోకెక్కడిది? భాష రానిదాన్నని కనిపెట్టి అంటగట్టాడనుకున్నాను.

ఫోన్‌లో అమ్మ, "ఆకు తుంచి చూడవే. పాలు కారితే అది నందివర్ధనం. మల్లెకి పాలుండవు" అంది.

తుంచాను. వేళ్లంతా పాలే.

కుండీ చంకన పెట్టుకుని దెబ్బలాటకు వెళ్లాను. అతను తొణకలేదు. "దీదీ, మైనే చాందినీ బోలా థా. ఆప్‌నే అచ్ఛా బోలా" అన్నాడు.

చాందినీ అంటే నందివర్ధనమేనట. మల్లెని మోగ్రా అనాలట. అతను ఉన్న పేరే చెప్పాడు, నేనే అచ్ఛా అన్నాను.

అనే ఉంటాను. ఈ ఊరొచ్చినప్పటి నుంచి అర్థం కాని ప్రతి మాటకీ అదే అంటున్నాను. ముందురోజు ఇంటి ఓనరు ఆంటీ మెట్ల మీద ఆపి పది నిమిషాలు ఏదో అడిగింది. ఆవిడకీ అచ్ఛా అనే చెప్పాను.