పరదా వెనక పోయిన రోగి

ఇదొక మహాసంగ్రామం కథ. ఇందులో రక్తం ఉంది, కన్నీళ్లున్నాయి, చావు కూడా ఉంది. కాకపోతే జరిగింది గుంటూరు దగ్గర మా నర్సింగ్ కాలేజీలో, ఏసీ పనిచేయని గదిలో. పోయిన మనిషి అసలు పుట్టనేలేదు.

వీఆర్ హెడ్‌సెట్ తలకి తగిలించుకుంటే కళ్ల ముందు ఆసుపత్రి వార్డు, మంచం మీద రోగి. మన చేతుల్లో రెండు రిమోట్లు. రక్తం ఎక్కిస్తుండగా రోగికి వణుకు మొదలవుతుంది, వెంటనే రక్తం ఆపాలి. అంతే పరీక్ష. అప్పటికే ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే వార్డు పోస్టింగ్ లేదు, ఆరు నెలలు వెనక్కి.

రెండో పరీక్షకి ముందురోజు ఆదివారం, ఊరెళ్లాను. కల్లంలో అమ్మ పక్కన కూర్చుని ఎండు మిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగాను. మిరప ఘాటుకి సబ్బంటే లెక్కలేదని మా ఊళ్లో మూడేళ్ల పిల్లకి కూడా తెలుసు. మర్నాడు హెడ్‌సెట్ పెట్టుకునే ముందు, లోపలి స్పాంజికి అంటిన ముందువాళ్ల చెమటని ఆ వేళ్లతోనే శుభ్రంగా తుడిచాను.

రోగికి వణుకు, నాకు కళ్లమంట ఒకేసారి మొదలయ్యాయి. హెడ్‌సెట్ తీస్తే పరీక్ష రద్దు. కన్నీళ్లలో వార్డంతా ఈదుతోంది. రక్తం గొట్టం కోసం తడిమితే దిండు దొరికింది.

"ఆగు బాబూ, చచ్చిపోకు, నీ కాళ్లు పట్టుకుంటాను" అని పైకే అనేశాను.

మళ్లీ తడిమి, దొరికినదాన్ని బలంగా లాగాను. అది మంచం చుట్టూ ఉన్న పరదా. రోగి గోప్యత కాపాడినందుకు రెండు మార్కులు పడ్డాయి. రోగి ఆ పరదా వెనకే, మర్యాదగా పోయాడు.

పరీక్ష పెట్టిన మేడమ్ నా మొహం చూసి కరిగిపోయారు. "రోగి కోసం ఏడవడం మంచిదేనమ్మా. కానీ ముందు రక్తం ఆపాలి కదా!"

తర్వాత నా రూమ్మేట్ వంతు. క్లాసులో ఫస్ట్ తనే. నిమిషంలో తన రోగి కూడా పోయాడు.

"ఒసేయ్, ఏం పూశావే ఇందులో? కళ్లు పోయాయే!" అని హెడ్‌సెట్ తీసి నా చెవిలో గొణిగింది.

మేడమ్ కాగితం మీద సున్నా వేశారు. తను గోడకి ఆనుకుని జారిపోయింది. మిరప ఏడుపుకీ, ఫెయిలైన ఏడుపుకీ తేడా నాకు బాగా తెలుసు. కాసేపు తెలియనట్టు నటించి చూశాను. కుదరలేదు.

"తప్పు నాదండి మేడమ్. నిన్న మిరపకాయలు ఏరాను. ఆ చేతులతోనే తుడిచాను."

మేడమ్ స్పాంజి వాసన చూసి మూడుసార్లు తుమ్మారు. సాక్ష్యం గట్టిదే.

"ఆ అమ్మాయికి మళ్లీ పెడతాను. నీకు కుదరదమ్మా. చేతులు కడుక్కోవడం నర్సుకి మొదటి పాఠం. ఆరు నెలలయ్యాక రా."

అమ్మకి ఫోన్ చేశాను. "బాగా చేశావా?" అంది. "ఆఁ" అన్నాను. వెంటనే ఫోన్ పెట్టేశాను.

స్పాంజిని ఊడదీసి సబ్బునీళ్లలో నానబెట్టారు. ఆరడానికి రెండు రోజులు పడుతుంది, రూమ్మేట్ పరీక్ష ఆ తర్వాతే.