బొటనవేలికి అందిన మూత

మైనం ముద్ద మీద వేలెడు లోతు గాడి పడింది. ఎల్లేశ్ దారాన్ని ఆ గాడిలో పెట్టి మూడుసార్లు లాగాడు. దారం కొంచెం బిరుసెక్కింది. దాన్ని దబ్బనానికి ఎక్కించి, నాలుగు మడతల కాన్వాసు గుడ్డలోకి దింపాడు. అది మొదటి సంచి. ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయి. శనివారం పొద్దుటికల్లా అన్నీ అయిపోవాలి.

అవి తూటాల సంచులు. సిపాయి నడుము బెల్టుకు ముందువైపు అటొకటి ఇటొకటి ఉండేవి. ముడిమ్యాల దగ్గర ఒక ఫాంహౌసు వెనక పొలాల్లో డెబ్బై ఒకటి నాటి యుద్ధం మీద సినిమా తీస్తున్నారు. ముందు వరసలో పరుగెత్తే ఇరవై మందికి నలభై సంచులు కావాలి. సినిమావాళ్ల సామాను చూసుకునే ప్రభాకర్ సోమవారం వచ్చి ఒక బొమ్మ కాగితం, కాన్వాసు తాను, ఒక బెల్టు ఇచ్చి వెళ్లాడు. బొమ్మలో సంచి పైకి ఎలా కనబడాలో ఉంది. మూత ఎలా పడాలో, ఎలా తెరుచుకోవాలో లేదు. అది ఎల్లేశ్‌కే వదిలేశారు.

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే ఎడమచేతి పక్కన ఎల్లేశ్ దుకాణం. ఆయన సొంతూరు శంకర్‌పల్లి పక్కన ప్రొద్దుటూరు. కాన్వాసు కుట్టే ఈ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. పద్దెనిమిదేళ్లప్పుడు పాత జీపు టాపు ఒకటి చేతికి దొరికింది. బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ విప్పి, ముక్కలన్నీ నేలమీద వరసగా పరిచి, మళ్లీ అదే వరసలో కుట్టాడు. వాన పడుతుంటే దాని కింద కూర్చున్నాడు. మూడు చోట్ల కారింది. ఎందుకు కారిందో తెలిసేదాకా ఆ మూడు చోట్లా విప్పుతూ కుడుతూ నెల రోజులు గడిపాడు. నాలుగో వానకు కారలేదు. అప్పటినుంచి నీళ్లు కారని కుట్టు ఎల్లేశ్‌ది అని చుట్టుపక్కల పేరు.

మొదట్లో లారీల మీద కప్పే తాటిపత్రులు, ట్రాక్టర్ల టాపులు వచ్చేవి. తర్వాత మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచాయి. వాటిలో పనిచేసేవాళ్లు, వాటిని కట్టించినవాళ్లు ఇటువైపు ఫాంహౌసులు కొనుక్కున్నారు. ఎల్లేశ్ మిషను కిందికి వరండా పరదాలు, ఈతకొలనుల కప్పులు, జిప్పు పోయిన లాప్‌టాప్ బ్యాగులు వచ్చాయి. భార్య సాయమ్మ రింగులు, టిచ్‌బటన్లు కొట్టేది. ఆమె సుత్తి ఒక్క దెబ్బ వేస్తే రెండోది అక్కర్లేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మాత్రం మిషను ఆగేది. రేకు తలుపులు లోపలినుంచి మూసుకుని, తాటిపత్రుల కట్టల మీద కూర్చుని ముగ్గురు టీవీలో యుద్ధం సినిమాలు చూసేవారు. సీడీలు తెచ్చేది కల్యాణ్. పక్క హార్డువేర్ దుకాణం కాశీనాథ్ సేటు కొడుకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏ తుపాకి ఏ సంవత్సరంలో వచ్చిందో ఇంటర్నెట్‌లో చదివి మరీ వచ్చేవాడు. మూడోవాడు మారయ్య. పదిహేడేళ్లు పటాలంలో లారీ నడిపి, ఇప్పుడు రెండు బర్రెలు పెట్టుకుని పాలు పోస్తున్నాడు.

వాళ్లు సినిమాను పేరుతో పిలవరు. అందులో కంటికి ఆనిన వస్తువుతో పిలుస్తారు. రేకు తలుపు లోపలివైపు ఎల్లేశ్ తెల్ల పెయింటుతో రెండు వరసలు గీశాడు, ఒకటి బాగు, ఒకటి చెత్త. బాగు వరసలో 'వంటోడు కావడి మోసిన సినిమా', 'బూట్లు ఆరబెట్టుకున్న సినిమా'. చెత్త వరస పొడుగ్గా ఉంటుంది. 'చేతి గడియారం సినిమా', 'ఇస్త్రీ బట్టల సినిమా', 'మంచుల ఆవిరి రాని సినిమా'. తలుపు మూసి లోపల కూర్చున్నవాళ్లకే ఆ రాత కనబడుతుంది.

ఆర్డరు రావడానికి ముందటి ఆదివారం కూడా కొట్లాట గట్టిగానే జరిగింది.

"తాతా, ఇది చెత్తలనే రాయాలె," అన్నాడు కల్యాణ్. "ఒక్కడే నిలవడి మూడు వందల గుండ్లు కొట్టిండు. ఆ తుపాకిల ముప్పై కంటె ఎక్కువ పట్టయి."

"నువ్వు లెక్కవెట్టుకుంట కూసున్నవా చిన్న సేటూ?" అన్నాడు మారయ్య. "గట్లయితె ఈడెందుకు, పోయి మీ నాయిన పక్కకు మొలలు తూకమెయ్యి."

"యుద్ధానికి పోయొచ్చినోనివి. గిసొంటివి చూస్తె నీకు కోపం రాదా?"

"యుద్ధంల నేనేం జూసిన? నా లారి జూసిన. బురదల దిగవడ్డది. పదమూడు దినాలల్ల తొమ్మిది దినాలు దాని కిందనే పన్న. గది సినిమ తీస్తె నువ్వు చూస్తవా? నాకు పాట గావాలె, జెండ గావాలె, హీరో ట్యాంకు మీదికెల్లి దుంకాలె. బాగులనే రాయి ఎల్లేశ్!"

ఎల్లేశ్ పెయింటు డబ్బా మూత తీస్తూ అన్నాడు. "గుండ్లు కాదు, ట్యాంకు కాదు. వీపు మీద సంచులు చూసిన్రా? ఉరుకుతుంటె కోడిపిల్లల లెక్క ఎగిరినయ్. లోపల కాగితాలు కుక్కిన్రు. బరువు సంచి ఎగురుతదా? మనిషిని ఎన్కకు గుంజుతది. కెమెరకు తెల్వదనుకుంటరు వీళ్లు. చూసెటోనికి తెలుస్తది."

చెత్త వరసలో 'ఎగిరే సంచుల సినిమా' చేరింది. మారయ్య తలుపు వైపు చూడకుండా బీడీ ముట్టించాడు.

సోమవారం ఆర్డరు సంగతి తెలియగానే మారయ్య పాల క్యాను కింద పెట్టి నవ్వాడు. "ఆరేండ్ల సంది మందివి రాస్తివి. ఇగ నీ సంచులే తెర మీదికి వస్తున్నయ్. తప్పు వోతె ఏడ రాద్దాం?"

"చెత్తల రాయి, నా పేరు వెట్టి రాయి," అన్నాడు ఎల్లేశ్. "పెయింటు డబ్బ నేనే అందిస్త."

మాట అనేశాడు. కుట్టడం మొదలుపెట్టాడు.

బుధవారం మధ్యాహ్నానికి పదహారు అయ్యాయి. రెండు వరసల కుట్టు, మూలల్లో అడ్డకుట్టు, మూత సంచి మీద డబ్బా మూతలాగా బిగుతుగా కూర్చుంది. మారయ్య, కల్యాణ్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. కల్యాణ్ మధ్యాహ్నం షిఫ్టుకు కంపెనీ బస్సు కోసం చూస్తున్నాడు. ఎల్లేశ్ ఒక సంచి తీసి దాని మీద చెంబెడు నీళ్లు పోశాడు. మూత ఎత్తి లోపలి గుడ్డను చూపించాడు. పొడిగా ఉంది.

"అన్న, ఇది మ్యూజియంల పెట్టొచ్చు," అన్నాడు కల్యాణ్.

మారయ్య బెల్టు తీసుకుని నడుముకు కట్టుకున్నాడు. రెండు సంచులు తగిలించుకున్నాడు. దుకాణం ముందు పరిచిన తాటిపత్రి మీద బోర్లా పడుకున్నాడు.

"ఏంది తాతా?"

"పండుకొనే గద కొట్టేది. నిలవడి ఎవడు కొడతడు?"

"మీ హీరో."

"నోర్ముయ్ సేటూ." మారయ్య ఎడమచేతిలో లేని తుపాకిని పట్టుకుని, కుడిచేతిని పొట్ట కిందికి పోనిచ్చి మూత కోసం తడిమాడు. వేళ్లు అంచు మీద జారాయి. గోరు దూర్చాడు, సందు దొరకలేదు. పక్కకు ఒరిగి, మోచెయ్యి లేపి, రెండో చెయ్యి కూడా పెట్టాక గానీ మూత రాలేదు.

"ఎల్లేశ్," అన్నాడు పడుకునే, "దుష్మన్ ఆడికెల్లి నడుచుకుంట వచ్చి, నన్ను లేపి, చాయ్ తాపిచ్చి పోతడు. అప్పటికి గని ఇది రాదు."

కల్యాణ్ పెద్దగా నవ్వాడు. ఎల్లేశ్ నవ్వలేదు. వంగి ఆ మూత అంచు మీద వేలు పోనిచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆయన చేతులు నీళ్లను లోపలికి రానీయకుండా మూయడమే నేర్చుకున్నాయి. ఇక్కడ కావలసింది తెరవడం. తూటాల సంచిని తాటిపత్రిలాగా కుట్టేశాడు.

అప్పుడే ప్రభాకర్ వ్యాను వచ్చి ఆగింది. నేలమీద పడుకున్న మారయ్యను దాటి లోపలికి వచ్చి, సంచులు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫస్ట్ క్లాస్ ఉన్నయ్ ఎల్లేశ్. ఇట్లనే కానియ్యి."

"మూత తప్పు వడ్డది సార్. పండుకొని తీస్తె వస్తలేదు. మార్చాలె."

"వాళ్లు తియ్యరయ్యా. ఉరుకుతరు, పడతరు, అంతే. కెమెరకు లోపలి సంగతి తెల్వదు." ప్రభాకర్ సంచిని బల్ల మీద పెట్టాడు. "చూడు, డైరెక్టర్ సార్‌కు ఇదే చూపిస్తా అని చెప్పిన. నువ్వు ఏదో మార్చి చూడనీకి తేడా వచ్చిందనుకో, నేను తీస్కోను. తర్వాత నన్ను అనొద్దు."

వ్యాను వెళ్లిపోయింది. కల్యాణ్ బస్సు కూడా వచ్చింది. ఎక్కబోతూ, "అన్న, ఆయనే మంచిగున్నయ్ అన్నడు గదా, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

ఎల్లేశ్ పదహారు సంచులనూ బల్ల మీద పేర్చాడు. ఇలాగే ఇచ్చేస్తే ఏ గొడవా లేదు, పుచ్చుకునేవాడు ఒప్పుకున్నాడు. మారిస్తే ఆయన వద్దనవచ్చు. అప్పుడు వారం పని, తాను గుడ్డ రెండూ పోతాయి. కానీ తప్పు పోతే చెత్తలో తన పేరే రాయమని సోమవారం అన్న మాట ఒకటి ఉంది.

సాయమ్మ ఇదంతా మూల కూర్చుని వింది. సినిమాలు చూడదు గానీ రోజూ తలుపు మూసి ఊడ్చేటప్పుడు దాని మీది రాత చదువుతుంది.

"కెమెరకు తెల్వదంటె మంది మీద లేస్తివి గదనయ్యా," అంది. "ఇప్పుడు ఏం జూస్తున్నవ్?" జవాబు కోసం ఆగలేదు. బ్లేడు తీసి మొదటి సంచి మూత కుట్టు విప్పడం మొదలుపెట్టింది.

ఎల్లేశ్ మారయ్య వైపు తిరిగాడు. "కాక, అప్పట్ల మీ సంచి మూత ఎట్లుండె?"

"ఎట్లుండె... మీద పట్టి ఉండె. కాదు, పక్కకుండె. ఇత్తడి గుండి ఒకటి... ఏమో, ముప్పై ఏండ్లాయె, యాదికి లేదు."

"చెప్పకు. తియ్యి."

"ఏం తియ్యాలె? ఈడ ఏమున్నది?"

"ఉన్నదనుకో. పండుకొని తియ్యి."

మారయ్య మళ్లీ బోర్లా పడుకున్నాడు. ఈసారి బెల్టుకు సంచి లేదు. కళ్లు ముందుకు పెట్టి, చెయ్యి కిందికి పోనిచ్చాడు. బొటనవేలు కిందినుంచి పైకి ఒక్కసారి లేచింది. నాలుగు వేళ్లూ లోపలికి వెళ్లినట్టు ముడుచుకున్నాయి.

"మల్ల తియ్యి."

అదే జాగాలో, అదే తీరుగా వేలు లేచింది. మారయ్య తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు. ఎల్లేశ్ సుద్దముక్కతో బెల్టు నుంచి ఆ వేలు తగిలిన చోటుదాకా తాటిపత్రి మీద గీత గీశాడు. జానెడుకు రెండు వేళ్లు తక్కువ. మూత కింద అంచు దాటి ఒక నాలుక వేలాడాలి, బొటనవేలు దాని కిందికి దూరాలి. బటను బిగుతుగా ఉండకూడదు, వదులుగానూ ఉండకూడదు. పక్క మడతల్లో వేలెడు సందు వదలాలి. నీళ్లు దిగుతాయి. దిగనీ అనుకున్నాడు.

ఒక్క సంచి కుట్టి మారయ్యకు కట్టాడు. బటను గట్టిగా కూర్చుంది. సాయమ్మ దాన్ని పీకి, దెబ్బ తగ్గించి ఇంకోటి కొట్టింది. ఈసారి బొటనవేలు తగలగానే టిక్కుమని మూత లేచింది. మారయ్య లేవకుండా అక్కడే పడుకుని అయిదారుసార్లు తీశాడు, పెట్టాడు. పాల క్యాను కోసం వచ్చిన డెయిరీ మనిషి నిలబడి చూసి, క్యాను తీసుకుని పోయాడు.

గురువారం, శుక్రవారం మిషను ఆగలేదు. కరెంటు పోయినా కాలితో తొక్కేదే కాబట్టి దానికి పట్టింపు లేదు. సాయమ్మ విప్పింది, ఎల్లేశ్ కుట్టాడు. అయిన ప్రతి సంచినీ మారయ్య పడుకుని తీసి చూశాడు. రెండింటిని వెనక్కి విసిరాడు. ఎల్లేశ్ వాటిని మళ్లీ విప్పాడు.

శనివారం పొద్దున ప్రభాకర్ తెల్ల చొక్కాతో దిగాడు. మొదటి సంచి చేతిలోకి తీసుకోగానే ముఖం మారింది.

"మార్చినవా? నేనేమన్న?"

"తీస్కోనన్నరు సార్. యాదున్నది." ఎల్లేశ్ కొత్త తాటిపత్రి ముక్క ఒకటి దులిపి నేలమీద పరిచాడు. "జర ఒక్కసారి పండుకొని చూడున్రి. తర్వాత మీ ఇష్టం."

"నేనా?"

"పండుకోన్రి సారూ," అన్నాడు మారయ్య. "మూడు దినాల సంది నేనే పండుకుంటున్న. ఊరోళ్లు నాకేమన్న అయ్యిందా అని అడుగుతున్నరు."

ప్రభాకర్ అటూ ఇటూ చూశాడు. బెల్టు కట్టుకున్నాడు. చొక్కా పైకి మడిచి, మెల్లగా బోర్లా పడుకున్నాడు.

"ముందుకు చూడున్రి," అన్నాడు ఎల్లేశ్. "చెయ్యి కిందికి పోనియ్యిన్రి. బొటనవేలు."

టిక్.

ప్రభాకర్ అక్కడే పడుకుని మూత పెట్టాడు. టిక్. రెండో పక్కది. టిక్. ఆ తర్వాత ఆయన చూపు కూడా కొంచెం మారింది, రోడ్డు అవతల ఇటుకల లారీని శత్రువులాగా చూస్తున్నాడు.

లేచి చొక్కా దులుపుకుని, "ఉరికేటోళ్లతోని పడుకొని తీసే షాటు ఒకటి డైరెక్టర్ సార్‌ను అడుగుత," అన్నాడు. "ఎక్కించున్రి."

సాయమ్మ మూటలు కట్టింది. ఎల్లేశ్ ఒక్కొక్క మూట వ్యాన్లోకి అందించాడు. మారయ్య దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "సినిమ చెత్తగ తీసిన్రనుకో?"

"చెత్తల రాద్దాం. ఇంకేదన్న పేరు వెట్టి. సంచుల పేరు మాత్రం కాదు."

"దాంట్ల పాట ఉంటె బాగులనే రాయాలె, చెప్తున్న."

వ్యాను తలుపు వేయబోతూ ఎల్లేశ్ మూటలు మరోసారి చూసుకున్నాడు. ముప్పై ఎనిమిదే ఉన్నాయి.

"సార్, రెండు తక్కువున్నయ్."

ముందు సీట్లో కూర్చున్న ప్రభాకర్ కిందికి చూసుకున్నాడు. బెల్టు ఇంకా నడుముకే ఉంది, అటొకటి ఇటొకటి. నవ్వి, కుడివైపు మూత మీద బొటనవేలు వేశాడు.

"ఇవి నా దగ్గరున్నయ్," అన్నాడు. "మొత్తం ముట్టినయ్ ఎల్లేశ్."

వ్యాను చేవెళ్ల వైపు తిరిగింది.