పాడే కత్తి

గరిటెకున్న బలం కూడా లేని కత్తిని ఆర్విడ్ ఎందుకు పట్టుకు వేలాడేవాడో ఇప్పటికీ అంతుబట్టదు. రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైన ఆ పెద్దమనిషి, శనివారం మధ్యాహ్నాలు డులూత్ ఊరి లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని, కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని జట్టుతో కలిసి యుద్ధాల ఆటలోకి దిగేవాడు. చలికాలాలకు చలికాలాలు ఆడి గెలుచుకున్న దేవతల కత్తి అది. ఒరలోంచి తీస్తే ఉరుములు, మెరుపులు, ఆపైన ఒక పాట. పాట పూర్తయ్యేలోపు మిగతావాళ్ళు శత్రువును చంపేసేవారు. పూర్తయ్యాక కొట్టినా ఆ దెబ్బ దోమ కుట్టినట్టే ఉండేది.

"ఇవాళ డ్రాగన్‌తో పని, పెద్దాయనా. కిందటి ఆటలో వంటవాడి దగ్గర నువ్వు కొట్టేసిన గరిటె ఉందిగా, అది తెచ్చుకో. కత్తి తీశావో, వచ్చే వారం నీ కుర్చీ ఇంకొకరికి," అంది పక్క కంప్యూటర్ ముందు కూర్చున్న జట్టు నాయకురాలు జోడీ.

"సరేలే అమ్మాయ్," అన్నాడు.

అన్నట్టే గరిటెతో చితక్కొట్టాడు. జట్టులో మిగతావాళ్ళ ఓపిక అయిపోయేసరికి డ్రాగన్ కూడా కొనఊపిరితో ఉంది. ఇంకొక్క దెబ్బ చాలు. ఆర్విడ్ చెయ్యి ఆగిపోయింది. అంతటి ప్రాణి గరిటె దెబ్బకు చావడం అతనికి మర్యాదగా తోచలేదు. కత్తి తీశాడు.

"గరిటె! గరిటెతో కొట్టవయ్యా బాబూ!" అని అరిచింది జోడీ.

పాట మొదలైంది. డ్రాగన్ తీరిగ్గా ఊపిరి పీల్చి అందరినీ కాల్చేసింది. తిట్టడానికి జోడీ పక్కకు తిరిగేసరికి ఆర్విడ్ తనంతట తానే కుర్చీ ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. తెర మీద, బూడిదలో, కత్తి ఇంకా పాడుతూనే ఉంది.