ఆది చొక్కా

వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ ఆవిడ, చిన్నప్పటి నుంచీ తాను ఆరాధించే పెద్ద రచయితకు తన మొదటి కథ పంపింది. జవాబొచ్చింది. "అమ్మా, నీ కథ అచ్చం నేను రాసినట్టే ఉంది. చాలా సంతోషం."

ఇంటాయన ఆ ఉత్తరం పట్టుకుని వీధంతా చాటింపేశాడు. ఆవిడకు మాత్రం ఒళ్ళు మండింది.

"అంత పెద్దాయన మెచ్చుకుంటే ఆ మూతి ముడుపేంటే?"

"మెచ్చుకుంది నన్నా? కొలతకిచ్చిన ఆది చొక్కాలాంటిదే కుట్టి ఇస్తే, ఎవడైనా బాగుందనే అంటాడు."

మధ్యాహ్నం కత్తిరింపు బల్ల మీద కథ పరిచి, చెడిపోయిన కుట్లు విప్పినట్టు, ఆయన్ని తలపించే వాక్యాలన్నీ కొట్టేసింది. వాన పోయింది, రైలు స్టేషను పోయింది, తానెన్నడూ చూడని సముద్రమూ పోయింది. చివరికి తన అత్తగారు రోజూ అనే మాట ఒక్కటే మిగిలింది: "మిషను ఆపకే, నాకు మెలకువొచ్చేస్తుంది."

ఆ అత్తగారు పక్కనే గుడ్డల మూట మీద తల పెట్టుకుని గుర్రు పెడుతోంది. ముసలావిడ నిద్ర చెడకుండా, కాలితో ఖాళీ మిషను తొక్కుతూనే, కోడలు ఆ మాటతో కొత్త కథ మొదలుపెట్టింది.

అది పూర్తయ్యాక పెద్దాయనకే పంపుతూ పైన ఇలా రాసింది: "అయ్యా, కత్తెర పట్టడం నేర్పింది మీరే, మరిచిపోను. ఇది మాత్రం నా కొలతకు కుట్టుకున్నాను. మీకు బిగుతుగా ఉన్నా సరే, వదులు చెయ్యను."